పాత్రకు రోజుకో ప్రశ్న
(తిరుపతిలో కథా రచన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కథలు రాసేవాళ్లు చాలామంది ఈమధ్య రోజుకో ప్రశ్న పెట్టుకుని, తమ పాత్ర చేత దానికి జవాబు రాయిస్తున్నారు. ప్రాంప్ట్‌లు అంటున్నాం వీటిని. నెల రోజులకు సరిపడా పట్టికలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి. మంచి అలవాటే. కానీ నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండిపోయి ఉంటుంది, పాత్ర మాత్రం మొదటి రోజు ఎంత తెలుసో అంతే తెలిసి ఉంటుంది. లోపం ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఈ పూట కొంచెం వివరంగా చూద్దాం.

ముందు దీని అవసరం ఎక్కడ వస్తుందో చెప్తాను. కథ మొదలుపెట్టినవాళ్లకు సాధారణంగా మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో చెయ్యి ఆగిపోతుంది. జరగాల్సింది ఏమిటో తెలుసు. భూమి అమ్ముడుపోవాలి, కూతురు ఇల్లు విడిచిపోవాలి, అన్నదమ్ములు వేరు పడాలి. కానీ "అప్పుడాయన ఏమన్నాడంటే" అని రాసిన దగ్గర, ఏ మాట రాసినా సరిపోతున్నట్టే ఉంటుంది. ఏ మాటైనా సరిపోతోందంటే ఆ మనిషి ఇంకా తయారు కాలేదని అర్థం. తయారైన మనిషి నోట, మనం పది మాటలు అనుకుంటే తొమ్మిది రావు. ఆ తొమ్మిదింటినీ ఏరి పారేయడానికే రోజువారీ ప్రశ్న.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. అవధానంలో ప్రశ్నలు వేసే పృచ్ఛకులు చేసేది ఇదే. పూరించమని సమస్య ఇస్తారు, పద్యంలో ఇమడ్చమని కొన్ని మాటలిచ్చి దత్తపది అడుగుతారు, నిషిద్ధాక్షరి పెట్టి అక్షరం అక్షరానికీ అడ్డం తగులుతారు. అవధాని ఆ ఇరుకులోంచే పద్యం తీస్తాడు. "ఏదో ఒక మంచి పద్యం చెప్పండి" అని ఏ పృచ్ఛకుడూ అడగడు. పాత్రను అడిగే ప్రశ్నలో కూడా ఆ ఇరుకు ఉండాలి. మీ దగ్గరున్న పట్టిక తీసి చూడండి, ముప్పై ప్రశ్నల్లో పాతిక "ఏదో ఒక మంచి పద్యం చెప్పండి" లాంటివే ఉంటాయి. మీ పాత్రకు ఇష్టమైన రంగేది? మీ పాత్ర బలహీనత ఏమిటి? చిన్నప్పటి మరిచిపోలేని జ్ఞాపకం ఏది?

ఇలాంటి ప్రశ్నావళులకు మూలం వెతికితే 19వ శతాబ్దం చివర్లో యూరప్‌లో నడిచిన ఒక ఆట దగ్గరికి వెళ్తాం. ఇళ్లల్లో ఒక ఆల్బమ్ ఉండేది, వచ్చినవాళ్లు అందులోని ప్రశ్నలకు జవాబులు రాసేవాళ్లు. ఇష్టమైన పువ్వు, ఇష్టమైన గుణం, ఎక్కడ బతకాలనుంది, ఇలాంటివి. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ కుర్రతనంలో ఒక స్నేహితురాలి ఆల్బమ్‌లో జవాబులు రాశాడు. ఆ తర్వాత ఆ ప్రశ్నావళికి ఆయన పేరే స్థిరపడింది. గమనించాల్సిందేమిటంటే, అది నిజం మనుషులు ఆడుకున్న ఆట. జవాబు రాసే మనిషి అప్పటికే ఉన్నాడు. అతను "నీలం" అని రాస్తే ఆ నీలం వెనకాల ఒక జీవితం ఉంది. మన పాత్ర వెనకాల ఇంకా ఏమీ లేదు. అందుకని మనం "నీలం" అని రాసుకుంటే అది కాగితం మీద ఒక రంగు పేరు, అంతే.

కాబట్టి నేను గట్టిగా పట్టుకోమనే సూత్రం ఒక్కటే. ప్రశ్న పాత్రను వర్ణించమని అడగకూడదు, పాత్రతో ఒక పని చేయించాలి. ఆ పని చేస్తే ఏదో ఒకటి పోవాలి. డబ్బో, మర్యాదో, ఒక మనిషి ప్రేమో, కనీసం ఒక పూట నిద్రయినా.

మార్చడం ఎలాగో చూడండి. "మీ పాత్రకు కోపం వస్తే ఏం చేస్తాడు?" అన్నది పట్టికలో ప్రశ్న. దీనికి "అరుస్తాడు", "మౌనంగా ఉండిపోతాడు" అని తప్ప జవాబు రాదు. దాన్ని ఇట్లా తిప్పండి: పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చున్నాడు. వడ్డించేవాడు ఇతని ఆకు దాటుకుని ముందుకు పోయాడు. పక్కన కూర్చున్నది వియ్యంకుడు. ఇప్పుడేం చేస్తాడు? పిలుస్తాడా, తన ఆకులోకి తనే చూసుకుంటూ ఉంటాడా, వియ్యంకుడి ఆకులో ఏం పడిందో చూస్తాడా, లేచిపోతాడా? లేస్తే ఏ సాకు చెప్పి లేస్తాడు?

"మీ పాత్ర దేనికి భయపడుతుంది?" అన్నదాన్ని ఇట్లా మార్చండి: రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగింది. పేరు చూడకముందే ఆమె మనసులోకి ఎవరి పేరు వచ్చింది? చూశాక అది వేరే ఎవరో అయితే ఆమెకు కలిగిన మొదటి ఊరట ఎట్లాంటిది, దానికి సిగ్గుపడిందా?

"ఆమె హ్యాండ్‌బ్యాగులో ఏముంది?" అనే ప్రశ్న ఇంగ్లీషు పట్టికలన్నింట్లో ఉంటుంది. మన అవ్వకు హ్యాండ్‌బ్యాగు లేదు, వక్కాకు సంచి ఉంది. ఆ సంచిలో వక్క, ఆకు, సున్నం కాకుండా నాలుగో వస్తువు ఏది? ఎవరు అడిగితే అది బయటికి తీస్తుంది, ఎవరు అడిగితే సంచి బొడ్లో దోపుకుంటుంది? ప్రశ్నను మన నేల మీదికి తెచ్చుకోకపోతే, పాత్ర ఎవరి ఇంట్లోనో అతిథిలా మాట్లాడుతుంది.

ఇప్పుడు ఒక పాత్రను తీసుకుని చేసి చూద్దాం. కల్పితమే. పేరు మునిరత్నం, 54 ఏళ్లు. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. ఒకే యజమాని దగ్గర చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాడు. పెళ్లి కావాల్సిన కూతురుంది. ప్రస్తుతానికి ఇంతకంటే ఏమీ తెలియదు, తెలుసుకోకండి కూడా. మొదటి రోజే మూడు పేజీల జాతకం రాసుకుంటే తర్వాత రోజుల్లో పాత్ర ఆ జాతకానికి విధేయంగా నడుస్తుంది, మనకు తెలియనిది ఒక్కటీ బయటపడదు.

ప్రశ్న: తిరుపతి బస్సు ఎక్కాడు. కండక్టరు చిల్లర ఇస్తూ వంద నోటు అనుకుని అయిదు వందల నోటు ఇచ్చేశాడు. మునిరత్నం చూసుకున్నాడు, కండక్టరు చూసుకోలేదు.

ఈ ప్రశ్నలో బలం డబ్బులో లేదు, దూరంలో ఉంది. చిత్తూరు నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు. ఆలోచించుకోవడానికి బోలెడంత సమయం. అక్కడికక్కడే తీసుకునే నిర్ణయం చాలావరకు అలవాటు. సమయం ఇచ్చాక మనిషి తనతో తాను ఏం మాట్లాడుకుంటాడో అక్కడ బయటపడుతుంది స్వభావం. పైగా లెక్కలో తేడా వస్తే జేబులోంచి కట్టాల్సిన ఉద్యోగం ఎట్లా ఉంటుందో గుమాస్తాకు తెలుసు. ప్రశ్న తయారు చేసేటప్పుడు పాత్ర వృత్తి ఎక్కడ ఆ ప్రశ్నను తాకుతుందో చూసుకోవాలి.

జవాబు పాత్ర గొంతులో, "నేను" అంటూ, ఆ మనిషి యాసలోనే రాయాలి. కథ మీరు ప్రథమ పురుషలో రాయబోతున్నా సరే, నోటుబుక్కులో మాత్రం "నేను" అనే రాయండి. ఉదాహరణకు:

"నోటు జేబులో పెట్టుకుంటి. తిరిగి ఈలేదు. వానికి లెక్క తేడా వస్తాదని నాకు తెలుసు. చంద్రగిరి దాటేదాకా కండక్టరు మొగం చూళ్లేదు. తిరపతిలో దిగేటప్పుడు ఇచ్చినా. 'దేవుని మాదిరి వొచ్చినావన్నా' అన్న్యాడు. ఆ మాట ఇనేదానికే అంతసేపు ఆగినానేమో."

చివరి వాక్యం చూడండి. ఇతను నిజాయితీపరుడా కాదా అన్న ప్రశ్నతో బయల్దేరాం. చేరుకున్నది వేరే చోటికి: ఇతను మంచివాడు అనిపించుకోవడానికి ఆకలిగొన్న మనిషి. "నిజాయితీపరుడు, కొంచెం కీర్తికాంక్ష ఉంది" అని పట్టికలో రాసుకుంటే ఇది దొరకదు. రాస్తున్న చెయ్యి చివరి పది నిమిషాల్లో తనంతట తాను తెచ్చింది.

అందుకే సమయం గురించి కచ్చితంగా ఉండమంటున్నాను. రోజుకు పదిహేను నిమిషాలు, ఒక ప్రశ్న, ఒక పేజీ. పదాల్లో చెప్పాలంటే 150 నుంచి 200. అయిదు నిమిషాలైతే మొదట తోచిన జవాబు దగ్గరే ఆగిపోతాం, అది అందరికీ తోచే జవాబు. ముప్పై నిమిషాలైతే కథ రాయడం మొదలుపెట్టేస్తాం, వాక్యాలు చెక్కుతాం. చెక్కడం మొదలైందంటే వెతకడం ఆగిపోయింది. చేత్తో రాస్తే మంచిది. ఫోన్‌లో అయితే వెనక్కి వెళ్లి తుడిపేయడం సులువు, తుడిపేసిన మాటే కొన్నిసార్లు అసలు మాట అయి ఉంటుంది. నోటుబుక్కులో కుడి పేజీ జవాబుకు, ఎడమ పేజీ ఖాళీగా వదలండి. దాని పని తర్వాత చెప్తాను.

మొదటి అయిదు వాక్యాల్లో గుణవాచకాలు నిషేధం. మంచి, చెడ్డ, పిరికి, ధైర్యం, ప్రేమగల, ఇవేవీ రాకూడదు. ఇది మన నిషిద్ధాక్షరి అనుకోండి. ఎందుకంటే గుణవాచకం తీర్పు. పని జరిగిపోయాక చూసినవాళ్లు ఇచ్చేది. తీర్పు ముందే ఇచ్చేస్తే పని చూపించాల్సిన అవసరం రచయితకు ఉండదు, పాఠకుడికి చూసే అవకాశం ఉండదు.

ఎన్ని రోజులు చేయాలి? ఒక కథకైతే మూడు వారాలు చాలు. మొదటి వారం పాత్రను ఒంటరిగా ఉంచండి. బస్సు, వంటిల్లు, అద్దం, నిద్ర పట్టని రాత్రి. అలిపిరి మెట్లు ఎక్కుతాడా, శ్రీవారి మెట్టు ఎక్కుతాడా? అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మోకాళ్లు నొప్పులున్న మనిషి పొడుగు దారే ఎంచుకున్నాడంటే ఎవరికి చెప్పుకోవడానికి? రెండో వారం పక్కన ఇంకొకరిని పెట్టండి. మనిషి పక్కన మనిషి మారగానే గొంతు మారాలి. మారలేదంటే రాస్తున్నది మీరు, పాత్ర కాదు. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్సులో గంటల తరబడి పక్కపక్కన కూర్చుంటారు, ముక్కూ మొగం తెలియనివాళ్లు. అక్కడ మునిరత్నం తన గురించి చెప్పే మొదటి అబద్ధం ఏమిటి? తను గుమాస్తానని చెప్తాడా, మండీ తనదే అంటాడా? అబద్ధం మనిషి కోరికకు అతి దగ్గరి దారి. ఈ ఒక్క ప్రశ్న ఏ పాత్రకైనా పనికొస్తుంది.

మూడో వారం పాత్ర దగ్గర ఉన్నదాన్ని తీసేయండి. మునిరత్నం కుడి చెయ్యి విరిగింది, పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చాడు. కొన్ని వారాలు రాయలేడు. లెక్కలు ఎవరు రాస్తారు? ఎవరిని తన బల్ల దగ్గర కూర్చోనిస్తాడు? ఇంట్లో అన్నం ఎవరు కలిపి పెడతారు, భార్యా కూతురా? కూతురు పెడితే ఎటు చూస్తాడు? ఇక్కడ రాసినవాళ్ల జవాబులో, అనుకోండి, యజమాని కొడుకు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందుగా ఎవరూ అనుకోలేదు ఆ కొడుకుని. ఇలా పిలవకుండా వచ్చిన మనిషి ఎవరైనా కనబడితే వాళ్లను వదలకండి. కథ సగం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు మన ప్రాంతానికే చెందిన ఒక ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. ఇందులో ఉన్నంత సరుకు చాలా ప్రశ్నల్లో ఉండదు.

చేతికి కట్టు విప్పాక మండీ లెక్కలో ఎనిమిది వేలు తేడా కనబడింది. యజమాని అందరి ముందూ అన్నాడు: "కాణిపాకం పోదాం పా. ప్రమాణం చేస్తావా?" కాణిపాకంలో వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే నిలవదని ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కోనేట్లో మునిగి, తడి బట్టలతో నిలబడి చెప్పాలి. మునిరత్నం డబ్బు తీయలేదు. తీసిందెవరో అతనికి తెలుసు, కనీసం అనుమానం ఉంది.

ఒక మునిరత్నం వెంటనే "పోదాం పాండి" అంటాడు. ఇంటికి వెళ్లి ఉతికిన చొక్కా వేసుకుని వస్తాడు. ఇతను ఈ ఘడియ కోసం ఎదురుచూస్తున్నవాడు. అందరూ చూస్తుండగా మంచివాడు అనిపించుకునే అవకాశం వచ్చింది. బస్సులో నోటు తిరిగిచ్చిన మనిషి ఇతనే, గుర్తుపట్టారా?

ఇంకో మునిరత్నం, "ఇన్నేండ్లు రాస్తే నా మాట కంటే ప్రమాణం పెద్దదైపోయిందా సామీ?" అని, పెన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. ఇతనికి పౌరుషం ఉంది. కానీ మర్నాడు కూతురి పెళ్లి మాటలకు వచ్చేవాళ్లు "పని ఎందుకు మానేసినావు?" అంటే ఏం చెప్తాడన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. అదే రేపటి ప్రశ్న. మంచి జవాబు తర్వాతి రోజు ప్రశ్నను తనే ఇచ్చి పోతుంది, పట్టిక చూసుకోనవసరం లేదు.

మూడో మునిరత్నం ప్రమాణానికి ఒప్పుకుంటాడు. కానీ బండిలో కాణిపాకం చేరే లోపల మాటలు బేరమాడతాడు. "ఆ డబ్బు నేను తీయలేదు అని చెప్తా. తీసిందెవురో నాకు తెలీదు అని మాత్రం చెప్పమంటే చెప్పను." యజమానికి ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది. చిత్తూరు నుంచి కాణిపాకం దూరం ఎంత, ఓ డజను కిలోమీటర్లు. ఆ కాసేపట్లో ఇద్దరిలో ఎవరు బండి ఆపమంటారు?

ముగ్గురూ నిజాయితీపరులే, చూడండి. పట్టికలో "నిజాయితీపరుడు" అని ఒకే గడి. ముగ్గురికీ ముగ్గురి కథలు. ఇలాంటి బరువైన ప్రశ్న వచ్చిన రోజున ఒక్క జవాబుతో సరిపెట్టకండి. మూడు రోజులు అదే ప్రశ్నకు మూడు వేరు వేరు జవాబులు రాయండి, మొదటిది మీరు ముందే ఊహించింది కాబట్టి దాన్ని నమ్మకండి. మూడోది రాసేటప్పుడు కష్టంగా ఉంటుంది. ఆ కష్టం కోసమే మూడోసారి రాయమంటున్నది.

మన తిరుపతి గంగమ్మ జాతర కూడా ఇట్లాంటి ప్రశ్నే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కడతారు. మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటారు. మీ పాత్ర ఏ వేషం మొక్కుకుంది, ఏ బాధలో మొక్కుకుంది, వేషం కట్టుకుని ఏ వీధిలోంచి మాత్రం పోవడం లేదు? ఆ వీధిలో ఎవరున్నారు? మిగతాది మీరే రాసుకోవచ్చు.

భాష గురించి ఒక మాట. యాసలో రాయమన్నాను గానీ, మన ప్రాంతపు యాస అని ఒకటే లేదు. కుప్పం వైపు కన్నడం, తమిళం రెండూ మాటల్లో కలుస్తాయి. నగరి, పుత్తూరు వైపు తమిళం ఎక్కువ. శ్రీకాళహస్తి దాటితే నెల్లూరు గాలి తగులుతుంది. పాత్ర ఊరు తేల్చుకోకుండా "ఉండాది, పోతాండాది" అని అక్కడక్కడా చల్లితే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఊరు తేల్చుకోండి, ఆ ఊరి మనిషి ఎవరితోనైనా అరగంట మాట్లాడండి, మాటల కంటే వాక్యం ఎక్కడ తెగుతోందో వినండి.

ఇక ఎక్కడెక్కడ దెబ్బ తింటామో చెప్తాను.

అన్నింటికంటే ఎక్కువగా జరిగేది, పాత్ర స్థానంలో రచయితే జవాబు చెప్పేయడం. పాత్ర ప్రతిసారీ సరైన పని చేస్తుంది, ఆడవాళ్లను గౌరవిస్తుంది, కులం పట్టించుకోదు, లంచం తీసుకోదు. మనం అలా ఉండాలనుకుంటాం కాబట్టి. దీనికో పరీక్ష ఉంది. జవాబులో "మునిరత్నం" స్థానంలో మీ పేరు పెట్టి చదవండి. ఒక్క మాట కూడా మార్చకుండా అతికితే ఆ పేజీ మీ డైరీ. మర్నాడు మీకు నచ్చని పని ఒకటి పాత్ర చేత చేయించి, దాన్ని పాత్ర ఎలా సమర్థించుకుంటుందో రాయండి. సమర్థన నిజంగా నమ్మకం కలిగించాలి. రాస్తున్నంతసేపయినా అతని పక్షాన ఉండాలి మీరు.

రెండోది గాయం వెతకడం. ఆమె ఎవరినీ నమ్మదు, ఎందుకంటే చిన్నప్పుడు తండ్రి వదిలేశాడు. అతను పిసినారి, ఎందుకంటే చిన్నప్పుడు ఆకలి. ప్రతి అలవాటుకూ ఒక కారణం కుట్టేస్తే మనిషి లెక్క తేలిన చిట్టాలా అయిపోతాడు. మన చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరి అలవాట్లన్నింటికీ కారణం తెలుసు మనకు? మూడు అలవాట్లు రాస్తే ఒకటి కారణం లేకుండా వదిలేయండి. పాఠకుడు ఆ ఒక్కదాన్నే పట్టుకుని తిరుగుతాడు.

మూడోది తెలియని చోట కల్పించి దాటేయడం. మండీలో బెల్లం రంగు చూసి ధర ఎట్లా మారుతుంది, వేలం పాట పొద్దున ఎన్నింటికి, గుమాస్తా చేతిలో ఉండేది ఏ పుస్తకం? పదిహేను నిమిషాల్లో ఇది ఆగి వెతికే పని కాదు. ఎడమ పేజీ ఖాళీగా వదలమన్నది ఇందుకే. తెలియని చోట ఎడమవైపు ఒక ప్రశ్నార్థకం పెట్టి రాస్తూ పొండి. వారాంతానికి ఆ ప్రశ్నార్థకాలన్నీ పట్టుకుని మండీకే పోండి, అడగండి. చెప్తారు. ఎంత కల్పన చేసినా ఒక ఉదయం అక్కడ నిలబడితే దొరికే వివరం ముందు నిలవదు.

నాలుగోది నాకు బాగా ఆందోళన కలిగించేది: ప్రశ్నలు రాయడమే కథ రాయడం అనిపించడం. రోజూ ఒక పేజీ రాస్తున్నాం, తృప్తిగా ఉంటుంది, నెలలు గడుస్తాయి, కథ ఉండదు. దీనికి గడువు ముందే పెట్టుకోవాలి. గడువు కంటే ముందే ఆపాల్సిన గుర్తు కూడా ఒకటుంది. ప్రశ్న చదవగానే పాత్ర ఏం చేస్తుందో మీకు తెలిసిపోతూ, తను చేసిన విధానం మాత్రం ఇంకా ఆశ్చర్యపరుస్తోందంటే, ఆ రోజే కథ మొదలుపెట్టండి. ఇంకో వారం ఆగితే ఆ ఆశ్చర్యం కూడా పోతుంది, నోటుబుక్కును కథలోకి నకలు చేస్తున్నట్టుంటుంది.

ఏడో రోజు దాకా వెనక్కి తిరిగి చదవొద్దు. ఏడో రోజు కొత్త ప్రశ్న లేదు, చదవడమే. ఎర్ర పెన్నుతో గీతలు గీయాల్సినవి: మీరు అనుకోని పని, ఒకదానికొకటి పొసగని రెండు మాటలు, పిలవకుండా వచ్చిన మనుషులు. పొసగని మాటలు కనబడితే చాలామంది ఒకటి కొట్టేసి సర్దేస్తారు. ఆ పని చేయకండి. సోమవారం పేజీలో మునిరత్నం పైసా దాచలేదన్నాడు, గురువారం పేజీలో కూతురి పేరిట ఎవరికీ తెలియని చీటీ ఉందన్నాడు. రెండూ ఉండనివ్వండి. భార్యకు కూడా చెప్పకుండా దాచిన మనిషి "పైసా దాచలేదు" అని ఎవరితో అన్నాడో చూడండి. కథ ఆ చీటీ చుట్టూ ఉండవచ్చు, ప్రమాణం చుట్టూ కాకుండా.

నోటుబుక్కులోంచి కథలోకి ఎంత రావాలి? చాలా తక్కువ. ఇరవై పేజీలు రాస్తే నేరుగా వచ్చేది ఒక పేజీ కూడా ఉండదు, ఉండకూడదు. పుత్తూరు కట్టు ఒక్క వాక్యంలో వస్తుంది. బస్సులో నోటు అసలు రాకపోవచ్చు, కానీ యజమాని "ప్రమాణం చేస్తావా" అన్నప్పుడు మునిరత్నం ముందు చుట్టూ ఎవరెవరు ఉన్నారో చూస్తాడు. ఆ చూపు బస్సులోంచి వచ్చింది. పాఠకుడికి బస్సు గురించి తెలియక్కర్లేదు. కష్టపడి కనుక్కున్నాం కదా అని అన్నీ కథలో పెడితే మొదటి రెండు పేజీలు పరిచయ పత్రం అవుతాయి.

సమయం అయిపోయింది, ఇద్దరి ప్రశ్నలు తీసుకుంటాను.

ఇక్కడ అమ్మాయి అడుగుతున్నది, తనకు తెలియని కులం, తెలియని బతుకు ఉన్న పాత్రకు ఈ పద్ధతి సరిపోతుందా అని. సరిపోదమ్మా, ఒక్కటే అయితే. ప్రశ్న మన తలలో ఉన్నదాన్నే బయటికి తీస్తుంది. తలలో ఆ బతుకు గురించి ఉన్నది సినిమాల్లో చూసిందీ ఎవరో అనగా విన్నదీ అయితే బయటికి వచ్చేదీ అదే. అలాంటి పాత్రకు మొదటి వారం ప్రశ్నలు మానేయండి, వినండి. వాళ్లు రాసుకున్నవి చదవండి. ఆ తర్వాత రాసిన పేజీలను ఆ బతుకు తెలిసినవాళ్లకు చూపించి, "ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ కోపమొచ్చింది" అని అడగండి. "బాగుందా" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు.

వెనకనుంచి పెద్దాయన అడిగింది: కథలో ఆరుగురు పాత్రలుంటే ఆరుగురికీ మూడేసి వారాలా? అవసరం లేదండి. ముఖ్యమైన పాత్ర ఒక్కరికే మూడు వారాలు. ఆ పాత్రకు ఎదురు నిలిచేవాళ్లకు ఒక వారం. మన ఉదాహరణలో యజమానికి. మిగతావాళ్లకు తలా మూడు ప్రశ్నలు చాలు: ముఖ్య పాత్రను ఏ పేరుతో పిలుస్తారు, అతని దగ్గర ఏం కావాలి, అతని గురించి ఎవరితో చెడ్డగా మాట్లాడతారు. యజమాని కొడుకు ఎదురుగా "అన్నా" అంటాడు, స్నేహితుల దగ్గర "ముసిలోడు" అంటాడు. ఆ రెండు పిలుపులూ మీ దగ్గర ఉంటే ఆ కుర్రవాడు కథలో రెండు చోట్ల కనబడడానికి సరిపోతాడు. మూడోసారి కూడా రావాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు అతనికీ ఒక వారం ఇవ్వండి.